మా ఆయన పేరు మీద సిమ్ము

మా ఆయన డేవిడ్ రాజు టెలిఫోన్ల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆఫీసు ఆయన్ని వదిలింది గానీ ఆయన ఆఫీసును వదల్లేదు. ఢిల్లీలో ఫోన్ల రూల్సు మార్చేవాళ్లు 'ప్రజలు తమ అభిప్రాయాలు పంపవచ్చు' అని ప్రకటిస్తారు కదా, మిగతా ప్రజల సంగతేమో గానీ, మా రెజిమెంటల్ బజార్ నుంచి ఒక అభిప్రాయం మాత్రం తప్పకుండా వెళ్తుంది.

సిమ్ము ఎవరి పేరు మీదుంటే ఆ పేరు ఎదుటివాళ్ల ఫోన్లో కనిపించాలన్న రూలు వచ్చినప్పుడు ఆయనకు పండగే. దొంగ ఫోన్లకు ఇదే మందు అని ఆయన ఎప్పుడో రాసి పంపారు మరి. మోండా మార్కెట్లో వంకాయలమ్మే రాజ్యమ్మకు కూడా అరగంట నిలబడి వివరించి వచ్చారు. వంకాయలు మాత్రం మరిచిపోయి వచ్చారు.

ఇంత రూలు మనిషికి నా చేతిలో ఉన్న ఫోను గుర్తు రాలేదు. సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, కరెంటు బిల్లు ఆయన పేరు మీదుందని రెండు సిమ్ములూ ఆయన పేరు మీదే తీసుకున్నాం. మా వీధిలో సగం మంది ఆడవాళ్ల ఫోన్లు అలా మొగుళ్ల పేరు మీదే నడుస్తున్నాయి. నాకూ గుర్తు రాలేదు లెండి.

ఇక మా చెల్లెలు బ్యూలా. కాజీపేటలో నర్సు. పోయిన కోతకాల పండుగకు వచ్చి, మా చర్చిలో వేలానికని ఒక కేకు చేసిచ్చింది. వేలం నడిపించేది మా ఆయన. చేతికి మైకొస్తే ఆయన నోరు ఆగదు. ఈ కేకు ఎవరూ పాడకపోతే ప్రహరీగోడ పునాదికి వాడుకుందాం అన్నారు. చర్చి అంతా నవ్వింది. కేకు కొంచెం గట్టిగానే వచ్చింది, అబద్ధమెందుకు. కానీ బ్యూలా భోజనం కూడా చేయకుండా రైలెక్కేసింది.

అప్పట్నుంచీ వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఆమే ముందు ఫోన్ చేయాలని ఈయన బిగుసుకు కూర్చున్నారు. నాతో మాత్రం బ్యూలా రోజూ మధ్యాహ్నం మాట్లాడేది. అమ్మ పోయాక నాకు మిగిలిన పుట్టిల్లు అదొక్కతే.

అలాంటిది, ఉన్నట్టుండి నా ఫోను ఎత్తడం మానేసింది. రోజూ చేస్తాను, మోగి మోగి ఆగిపోతుంది. తనూ చేయదు. ఆయన మీది కోపం నా మీదికీ పాకిందనుకున్నాను. అన్నం సహించలేదు. ఒకరోజు పప్పులో ఉప్పు మరిచాను. అదేమని అడిగిన పాపానికి, మీ నోటి వల్లే నా చెల్లెలు నాకు లేకుండా పోయిందని ఆయన్ని అనేశాను. ఆయన ఉప్పు కలుపుకొని తిన్నారు.

ఆ మధ్యాహ్నమే మనసాగక మళ్లీ చేశాను. స్పీకరు పెట్టి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఎదురుగా ఆయన పేపరు చదువుకుంటున్నారు. ఈసారి ఎత్తింది. నేను నోరు తెరిచేలోపే మొదలుపెట్టింది.

"బావా, అక్క మంచిగుందా? కొత్త ఫోను కొన్న, నంబర్లన్నీ పోయినయి. అక్కనే చేస్తదని చూస్తున్న, చేస్తలేదు. రోజూ మీ పేరే పడుతున్నది. ముందుగాల కోపంతోని ఎత్తలే. ఇన్నిసార్లు బావనే చేస్తున్నడంటే ఇంక నేను పట్టుపట్టుడేందని నాకే సిగ్గయింది. నిన్నంతా ఏడుస్తనే ఉన్న బావా."

చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. మా ఆయనకు నాకంటే ముందే అర్థమైంది. రూలు ఆయనదే, సిమ్మూ ఆయనదే. అవి నేను చేసిన ఫోన్లని చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపి, ఫోను తీసుకున్నారు. ఈ మనిషి అబద్ధమాడగా ఇన్నేళ్ల కాపురంలో నేను వినలేదు. సిటీ బస్సులో కండక్టరు టికెట్టు కొట్టడం మరిచిపోతే, దిగాక కూడా టికెట్టు కోసం అతని వెంటపడే రకం.

"అవునమ్మా, నేనే చేసిన," అన్నారు. "ఆ కేకు మాట నేను అనకపోవాల్సింది. మనసుల పెట్టుకోకు."

ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లి, కడిగిన గ్లాసులే మళ్లీ కడుగుతూ నిలబడ్డారు. అక్కాచెల్లెళ్లం తనివితీరా ఏడ్చుకున్నాం. నీ నంబరు చెప్పక్కా అని అది అడిగింది. ఇదే నంబరుకు చెయ్యవే, బావ నాకిస్తారులే అన్నాను. ఆ పూట నా ముద్దుల మొగుడి మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. ఆయనకు చెప్పలేదు కూడా, చెబితే మైకు అందుకుంటారు.

సాయంత్రం టీ ఇస్తూ, రేపు ఆధార్ కార్డులు పట్టుకొని వెళ్లి ఈ సిమ్ము నా పేరు మీదికి మార్పించుకుందాం అన్నాను. రూలంటే ప్రాణమిచ్చే మనిషి, తల అడ్డంగా ఊపారు.

"జెర ఆగు ఆలిస్. నేనే చేసిన అని చెప్పిన గదా. నువ్వు ఎన్నిసార్లు చేసినవో అన్నిసార్లు నన్ను చేయనీ. అప్పుడు మార్పిద్దాం."

మర్నాడు మధ్యాహ్నం కళ్లద్దాలు పెట్టుకొని, తన ఫోను తీసి, బ్యూలాకు చేశారు. అది మొదటి రింగుకే ఎత్తింది. కేకు ఎట్ల చేస్తరమ్మా అని అడిగారు.