బరువులు ఎత్తొద్దన్నారు

నా పెళ్లాం తవిటమ్మకు నడుం కింద చచ్చుబడి చాలా ఏళ్లయింది. పొద్దున్నే దాన్ని రెండు చేతులతో ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టడం నా పని. అక్కడ కూర్చుని పొలానికి పోయే ప్రతివాడినీ పలకరించి, వాళ్ల ఇంటి గుట్టంతా లాగేస్తుంది. ఇంకొకరు ఎత్తితే అది ఒప్పుకోదు. నిజం చెప్పాలంటే నేనూ ఒప్పుకోను.

నాకు గజ్జలో బుడ్డలా లేస్తే తువ్వాలు బిగించి కట్టుకుని దాచాను. ఒకరోజు తవిటమ్మను అరుగు దింపుతూ నొప్పికి కూలబడ్డాను. తవిటమ్మ తమ్ముడు సోములు నన్ను శ్రీకాకుళం ఆసుపత్రికి లాక్కుపోయాడు.

"హెర్నియా. పేగు బయటికి తోసుకొస్తోంది," అంది డాక్టరు ఝాన్సీ. "మూడు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ లోపలినుంచి ఈ మెష్ అమరుస్తాం." సన్నటి వల ముక్కలాంటిది చూపించింది. "నెల రోజులు బరువులు ఎత్తకూడదు."

"మరి మా ఆడదాన్ని ఎవులెత్తుతారమ్మా?" గయ్యిమన్నాను.

"ఊరుకో బావా, నాను లేనేటి?" అన్నాడు సోములు.

వాడి నోట్లో మన్ను పడ!

ఆపరేషను బల్ల మీద మత్తు ఎక్కింది. వంశధార గట్టు మీద మంచు. నా చేతుల్లో తవిటమ్మ దూదంత తేలిగ్గా ఉంది. చూస్తుండగానే కిందికి దిగి నడుచుకుంటూ పోయింది. గాజుల చప్పుడు వినిపిస్తోంది, మనిషి కనబడదు. "ఒసే, ఆగే!" అని అరిచాను. అది నడుస్తోందంటే సంతోషించాలి కదా? నాకు ఏడుపొచ్చింది. ఇక దానికి నాతో పనేముంది?

ఇంటికొచ్చాక చూసుకుంటే పొట్ట మీద మూడు చిన్న పట్టీలే. ఈమాత్రం దానికి నెలా? తిన్నగా గదిలోకి పోయి దాన్ని ఎత్తబోయాను.

"ముట్టుకున్నావంటే సెయ్యి ఇరిసేస్తాను!" అంది.

మంచం మీద ఎండ పడుతోంది. తలెత్తితే కప్పులో ఒక మట్టిపెంకు బదులు కొత్త గాజుపెంకు.

"సోములు సేత యేయించినాను. ఆడు నన్ను అరుగు మీదకి ఎత్తుతానన్నాడు. ఎల్లెహె అన్నాను."

"మరి నెల్లాళ్లూ ఇక్కడేనా?"

"ఇక్కడే. నువ్వెత్తితేనే అరుగెక్కుతాను బావా."

మంచం పట్టె పట్టుకుని, కదలని నడుమును చేతులతోనే ఈడ్చుకుంటూ గోడవైపు జరిగింది. సాయం చెయ్యబోతే కసిరింది. ఎండ పడేచోట నాకు చోటిచ్చింది.