తక్కువకి రాసేవాళ్ళు

ఆ ఇంటి పెద్దకోడలు రాసి సంపాదించే మనిషి. అలాగని కథలూ కవితలూ కాదు. ఇస్త్రీపెట్టె కొంటే డబ్బాలో అదెలా వాడాలో చెప్పే ఒక సన్నటి పుస్తకం వస్తుంది చూశారా, చాలామంది విప్పకుండానే సొరుగులో పడేస్తారు, అలాంటివి రాస్తుంది. ఆమె ఏ కంపెనీలోనూ ఉద్యోగి కాదు. పుస్తకానికి ఇంత అని మాట్లాడుకుని, మేడమీద తన గదిలో కూర్చుని రాసి పంపిస్తుంది. పదకొండేళ్ళుగా అదే పని.

కంపెనీవాళ్ళు వస్తువును ముందే ఇంటికి పంపుతారు. ఆమె దాన్ని ఒకసారి సరిగ్గా వాడుతుంది. తర్వాత కావాలని తప్పుగా వాడుతుంది. ఎక్కడ చెయ్యి కాలుతుందో, ఏ మీట ఎటు తిప్పితే మొరాయిస్తుందో తేల్చుకున్నాకే కాగితం మీద కలం పెడుతుంది. ఆమెకు ఎక్కువ పని ఇచ్చేది ఇంటి సామాన్లు తయారుచేసే ఒక కంపెనీ. అక్కడ ఈ పుస్తకాల వ్యవహారం చూసే మేనేజరుకి ఆమె పెట్టుకున్న పేరు చూద్దాంగారు. ఏది అడిగినా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే.

ఒకరోజు పొద్దున్నే చూద్దాంగారు ఫోన్ చేశాడు.

"మేడమ్, నీళ్ళు కాచే కెటిల్ ఒకటి పంపిస్తున్నాను. రేటు మాత్రం ఈసారి కాస్త తగ్గించుకోవాలి."

"అదేంటండీ, నాలుగేళ్ళుగా రెండు వేలే కదా తీసుకుంటున్నాను. పెంచమని అడుగుదామనుకుంటుంటే!"

"పదిహేను వందలకే రాస్తామంటున్నారు వేరేవాళ్ళు."

"ఎవరండీ వాళ్ళు?"

"పేర్లెందుకు లెండి. మీకు తెలిసినవాళ్ళే అనుకోండి."

ఫోన్ పెట్టేశాక ఆ చివరి మాట ఆమె మనసులో ముల్లులా దిగబడిపోయింది. తనకు తెలిసినవాళ్ళలో ఇలాంటి రాత పని చేసేది ఇంకెవరు? ఒక్కర్తే. కింది వాటాలో ఉన్న చిన్నకోడలు, ఆమె తోటికోడలు.

చిన్నకోడలు ఈ ఇంటికి వచ్చి మూడేళ్ళయింది. ప్రకటనలు రాసే ఉద్యోగం మానేసి ఇంటి నుంచే పని చేసుకుంటానంటే ఆ కంపెనీ నంబరు ఇచ్చింది పెద్దకోడలే. అప్పుడా అమ్మాయి మొహమాటపడుతూ, "అక్కా, ఒక పుస్తకానికి ఎంత అడగమంటావు?" అంది. పెద్దకోడలికి ఎందుకో నోరు రాలేదు. తన పర్సు విప్పి చూపించమన్నట్టు అనిపించింది. "నీకు తోచినంత అడుగు" అని తప్పించుకుంది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఆ ప్రస్తావన మళ్ళీ రాలేదు.

ఇప్పుడు అన్నీ గుర్తొచ్చాయి. ఈమధ్య చిన్నకోడలు ఫోన్ మోగగానే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటోంది. తాను కిందికి దిగితే టేబుల్ మీది కాగితాలు బోర్లించేస్తోంది. మొన్న కొత్త కుర్చీ కొంది. కూర్చుంటే నడుం నొప్పి రాని రకమట.

"ఆ కుర్చీకి డబ్బులెక్కడివి?" అంది భర్తతో.

"తనూ సంపాదిస్తోంది కదా. అంత అనుమానమైతే అడిగేస్తే పోలా?"

"అడిగితే చెప్తుందా?"

"నువ్వైతే చెప్తావా?"

పెద్దకోడలు చూద్దాంగారికి ఫోన్ కలిపింది. కెటిల్‌కి పదిహేను వందలకే ఒప్పుకుంది.

నెల తిరక్కుండా మళ్ళీ ఫోన్. వాళ్ళు పదమూడు వందలకే రాస్తున్నారట. పెద్దకోడలు పన్నెండు వందలంది. ఇంకో నెలకి వాళ్ళు పదకొండు వందలన్నారట. ఈమె వెయ్యికి దిగింది. వస్తువును తప్పుగా వాడి చూడటం మానేసింది. వెయ్యి మొహానికి ఒకసారి సరిగ్గా వాడి చూడటమే ఎక్కువ అనుకుంది. రాసింది తిరిగి చదువుకుంటే తనకే సిగ్గేసేది. ఆ సిగ్గు కూడా కింది వాటా మీది కోపంగానే మారేది. మెట్ల మలుపు దగ్గర ఆగి, కింద మాటలు వినపడతాయేమోనని చెవి ఒగ్గడం అలవాటైంది. అత్తగారు ఒకసారి చూసి, "మోకాలు నొప్పా?" అని అడిగింది కూడా.

ఒక మధ్యాహ్నం కంపెనీ నుంచి పార్సిల్ వచ్చింది. కింద తలుపు తాళం వేసి ఉంటే, డెలివరీ అతను మేడమీదికి తెచ్చి పెద్దకోడలి చేత సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. పెట్టె మీద చిన్నకోడలి వాటా నంబరుంది. పక్కనే అంటించిన చీటీలో వస్తువు పేరు, ఇవ్వాల్సిన తేదీ, దాని కింద రేటు. తొమ్మిది వందలు.

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. కింద తాళం తీసిన చప్పుడు వినగానే పెట్టె చంకన పెట్టుకుని దిగింది.

చిన్నకోడలు చేతిలో సంచి ఇంకా కింద పెట్టలేదు.

"తొమ్మిది వందలకా?" అంది పెద్దకోడలు, పెట్టెను టేబుల్ మీద దబ్బున పడేసి. "నంబరిచ్చిన దాని కడుపే కొడతావా?"

చిన్నకోడలి మొహం ముందు పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది. "నువ్వు వెయ్యికి దిగాకే కదా అక్కా, నేను తొమ్మిది వందలకి దిగింది!"

"నేను వెయ్యికి రాస్తున్నానని నీకెవరు చెప్పారు?"

"ఆయనే. పేరు చెప్పలేదు. మీకు తెలిసినవాళ్ళే అన్నాడు. నాకు తెలిసినవాళ్ళలో నువ్వు కాక ఇంకెవరున్నారు?"

పెద్దకోడలు కుర్చీలో కూలబడింది. ఆ కొత్త కుర్చీలోనే.

"ఫోన్ చూపించు" అంది కాసేపటికి.

"ముందు నువ్వు చూపించు."

చివరికి ఇద్దరూ ఒకేసారి తమ ఫోన్లు టేబుల్ మీద పెట్టారు. చూద్దాంగారి మెసేజీలు, తేదీలు పక్కపక్కన పెట్టుకుని చదివారు. పెద్దకోడలు పదిహేను వందలకి ఒప్పుకున్న మర్నాడే చిన్నకోడలికి మెసేజీ వెళ్ళింది. చిన్నకోడలు పదమూడు వందలన్న వారానికి పెద్దకోడలికి ఫోనొచ్చింది. పై వాటా రేటు కిందికీ, కింది వాటా రేటు పైకీ చెప్పి అలా దించుకుంటూ వచ్చాడు.

"మరి అందరికంటే ముందు పదిహేను వందలన్నదెవరు? నువ్వేనా?" అంది పెద్దకోడలు. అనుమానం ఇంకా వదల్లేదు.

"ఎవరూ అనలేదు. అప్పటికి నాకు రెండు వేల రెండు వందలిస్తున్నాడు."

"ఎంత?"

"రెండు వేల రెండు వందలు. మొదట్లో అంతే అడిగాను. సరేనన్నాడు."

పదకొండేళ్ళ అనుభవం ఉన్న తనకు రెండు వేలు. నిన్నగాక మొన్న వచ్చినదానికి అంతకంటే ఎక్కువ. పెద్దకోడలికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

"నాకు చెప్పి ఉండొచ్చు కదా" అంది నీరసంగా.

"నేను అడిగినప్పుడు నువ్వు చెప్పావా అక్కా?"

చిన్నకోడలు లేచి టీ పెట్టింది.

ఆ సాయంత్రమంతా ఇద్దరూ కూర్చుని ఒక పుస్తకానికి ఎంత పని పడుతుందో లెక్క తేల్చారు. వస్తువు వాడి చూడటానికి ఒక రోజు, రాయడానికి రోజున్నర, దిద్దుబాట్లకి ఇంకో సగం రోజు. మొన్న కుళాయి బాగుచేసినతను అరగంటకి ఎంత పుచ్చుకున్నాడో అత్తగారు పక్క గదిలోంచి అరిచి చెప్పింది. మూడు వేలకి ఒక్క పైసా తగ్గినా అది న్యాయమైన రేటు కాదని తేలింది. మొదటి రెండు దిద్దుబాట్లూ అందులోనే, మూడో దానికి విడిగా ఇవ్వాలి. ఒకే ఉత్తరం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టి, మర్నాడు కలిసే వెళ్ళి ఇచ్చొచ్చారు.

చూద్దాంగారు ఇద్దరినీ ఒకేసారి గుమ్మంలో చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఉత్తరం రెండుసార్లు చదివి, ఆయన అనే మాటే అని పంపించాడు.

మూడో రోజు పెద్దకోడలికి ఫోన్ చేశాడు. "మేడమ్, మీరు సీనియరు. మీ పని వేరు. మీకొక్కరికే ఇరవై అయిదు వందలిస్తాను. ఏడాది పనంతా మీకే. ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు."

కాదని చెప్పాలని ఆమెకు తెలుసు. అయినా నోట్లోంచి వచ్చింది మాత్రం, "రేపు చెప్తానండీ" అని.

ఫోన్ పెట్టేసి గదిలో అటూ ఇటూ తిరిగింది. ఈ మాటే కిందికీ చెప్పి ఉంటాడా? చెప్పి ఉంటే ఆ పిల్ల ఈపాటికి సరేననేసిందా? తాను పరువు చూసుకుని కాదంటే పనంతా దానికే పోతుందా? నిన్న టీ ఇచ్చేటప్పుడు తలెత్తి ఎందుకు చూడలేదు? పావుగంట తిరిగాక ఇక ఉండబట్టలేక కిందికి దిగింది.

"నీకు ఫోనొచ్చిందా?"

చిన్నకోడలు ఆరేసిన బట్టలు మడతపెడుతోంది. చేతులు ఆగిపోయాయి. "వచ్చింది. మొన్న."

"మొన్ననా? ఏమన్నావు?"

"ఆలోచించి చెప్తానన్నాను."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదే!"

"ఏం చెప్పను అక్కా? నిజం చెప్పమంటావా? ఒప్పేసుకుందామనే అనుకున్నాను. రెండు రోజులుగా అదే ఆలోచన. నువ్వు ఎలాగూ ఒప్పుకుంటావు, నేనే వెర్రిదాన్నవుతానేమో అనిపించింది."

పెద్దకోడలికి తిట్టాలని నోటిదాకా వచ్చింది. "నేనూ వెంటనే కాదనలేదు. రేపు చెప్తానన్నాను" అంది, గోడవైపు చూస్తూ.

చిన్నకోడలు బట్టలు పక్కకు తోసి, ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది.

"సార్, మేమిద్దరం ఇక్కడే ఉన్నాం. మీరు మొన్న నాతో అన్నది, ఇవాళ అక్కతో అన్నది, ఒక్కసారి ఇద్దరికీ కలిపి చెప్తారా?"

అవతలి వైపు గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. లైను కట్టయిపోయింది.

రెండున్నర నెలలపాటు ఆ కంపెనీ నుంచి ఒక్క పెట్టె కూడా రాలేదు. ఆ రోజులు తేలిగ్గా గడవలేదు. చిన్నకోడలు పాత ఉద్యోగం తాలూకు వాళ్ళకి ప్రకటనలు రాసిచ్చింది. పెద్దకోడలు మంచాలూ బీరువాలూ విడిభాగాలుగా అమ్మే ఒక కొత్త కంపెనీని పట్టుకుంది. వాళ్ళు మూడు వేలనగానే బేరం లేకుండా ఒప్పుకునేసరికి, ఇంకా ఎక్కువ అడగాల్సిందేమోనని రెండు రోజులు బాధపడింది.

మూడో నెల సగంలో చూద్దాంగారు రెండు వేల ఏడు వందలని కబురు పంపాడు. చిన్నకోడలు తీసుకుందామంది, పెద్దకోడలు వద్దంది. మూడు రోజులు ఇంట్లో అదే రగడ. చివరికి ఇద్దరికీ ఒకే రేటు, రెండు వేల ఎనిమిది వందలకి తెగింది. ఒప్పంద పత్రాలు విడివిడిగా వచ్చాయి. సంతకాలు పెట్టేముందు ఒకరి పత్రం ఒకరు తీసుకుని చదివారు.

"ఇందులో మూడో దిద్దుబాటుకి విడిగా అని రాయలేదే?" అంది చిన్నకోడలు.

"ఉంది, కింద చూడు."

చిన్నకోడలు కింద చూసింది. ఉంది. అయినా కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది. పెద్దకోడలు కూడా అప్పటికే చిన్నకోడలి కాగితాన్ని వెలుతురులో పెట్టి అంకెలు సరిచూసుకుంటోంది.