గురక సంగతి ఎవరికి తెలుసు?

దర్జీకి కొన్నాళ్లుగా ముద్ద సరిగ్గా దిగడం లేదు. దిగినా ఛాతీ దగ్గర ఎక్కడో చతికిలబడుతోంది. వీధి చివరి డాక్టరు చూసి, ఎండోస్కోపీ చేయించుకోమన్నాడు. ముందు కడుపు డాక్టరుకు చూపించుకునే పని లేకుండా చీటీ నేరుగా ఆసుపత్రికే పంపేశాడు. నర్సు ఫోన్లో అడిగేవాటికి జవాబులు కుదిరితే గురువారమే పరీక్ష. కుదరకపోతే ముందు మత్తు డాక్టరుకు కనిపించాలి, అదెప్పటికో. లోపలున్నదేమిటో తెలియకుండా అన్నాళ్లు ఉండటం దర్జీ వల్ల కాదు.

ఫోన్ రాగానే మిషను ఆపి స్పీకరు పెట్టాడు. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, షుగరుందా, కట్టుడు పళ్లున్నాయా అని నర్సు అడుగుతుంటే, లేదు లేదు అని హుషారుగా చెప్పుకుపోయాడు.

“నిద్రలో గురక పెడతారా? మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందా?”

దర్జీ తెల్లబోయాడు. నిద్రపోయేవాడికి తన నిద్ర సంగతి ఎలా తెలుస్తుంది? పడుకునే ముందు దేవుడికి దణ్ణం పెట్టి, ఇక భారమంతా నీదే అని కళ్లు మూసుకుంటాడు, పొద్దున్నే లేస్తాడు. మధ్యలో ఏం జరిగిందో ఏనాడూ ఆరా తీయలేదు.

ఎదురుగా గుండీలు కుడుతున్న బావ తలెత్తాడు. అక్క పోయాక బావ ఇక్కడికే వచ్చేశాడు. ఇద్దరి పడకా ఒకే గదిలో. దర్జీ కళ్లతోనే ఊరుకోమన్నాడు.

“పెట్టనని చెబితే గురువారం ఖాయమేనా అమ్మా?”

నర్సు నవ్వింది. నిజం చెబితేనే మత్తు ఎంత ఇవ్వాలో, పక్కన ఎవరుండాలో తెలుస్తుందంది.

బావ సూది పక్కన పెట్టాడు. “పెడతాడమ్మా, ఎత్తు ఎక్కే లారీలాగా. దానికి నేను అలవాటుపడిపోయాను. అది ఆగితేనే నాకు మెలకువొస్తుంది. భుజం తడితే మళ్లీ మొదలెడతాడు.”

“ఎన్నాళ్ల నుంచి తడుతున్నారు?” అంది నర్సు.

“వచ్చిన దగ్గర్నుంచీ.”

దర్జీ బావ వైపు తిరిగాడు. “నాకు చెప్పలేదేం బావా?” అన్నాడు.

“చెబితే నువ్వూ మేలుకుని కూర్చుంటావు. పొద్దున కొట్టెవడు తీస్తాడురా?”

గురువారం చేజారింది. ముద్ద దిగడం లేదు కాబట్టి ఆలస్యం కానివ్వొద్దని మత్తు డాక్టరుకు తానే చెబుతానంది నర్సు. పరీక్షయ్యాక ఇంటికెవరు తీసుకెళ్తారని కూడా అడిగింది.

“ఇంకెవరు, మా బావే” అన్నాడు దర్జీ.

ఆవేళ పడుకునే ముందు దణ్ణం పెట్టి, ఎప్పటి మాటే అనబోయి ఆగాడు. భారమంతా నీదే అంటూ వచ్చాడు ఇన్నాళ్లూ. అందులో కొంత పక్క మంచం మీద పడుతోందని ఆ దేవుడికి తెలుసా? లేక ఆయనే అక్కడ పెట్టాడా? గట్టిగా అడుగుదామనే అనుకున్నాడు. ఈలోగా నిద్ర ముంచుకొచ్చింది.