గాజు దాటిన గొంతు

"ఎవరూ ఆ బటన్ ముట్టుకోకండి!"

కాల్ మధ్యలో కంప్యూటర్ మొరాయించిందని ఫోన్ రాగానే పరుగెత్తుకొచ్చి, మెట్లెక్కుతూనే కేకేశాడు టెక్నీషియన్. అత్యవసర కాల్స్ తీసుకునే ఆ గదిలో తలలన్నీ అటు తిరిగాయి. మూడో బల్ల మీది చిన్న కంప్యూటర్ పవర్ బటన్ మీద సూపర్‌వైజర్ వేలు ఉన్నపళాన ఆగిపోయింది.

"అదేంటయ్యా! మొరాయిస్తే ముందు రీస్టార్ట్ కొట్టమని మాకు నూరిపోసింది నువ్వే కదా?"

నిజమే. ఆఫీసంతా అతన్ని రీస్టార్ట్ రాజా అనే పిలుస్తారు. ఏ మిషన్‌కైనా అదే మందు.

బల్ల దగ్గర కూర్చున్నది అతని వదిన. హెడ్‌ఫోన్ తీసి అతని వైపు తిరిగింది.

"ఘాట్ రోడ్డులో జీపు లోయలో పడింది, మరిదీ. ఒకావిడ ఫోన్ చేసింది. ఒళ్లో పసిబిడ్డ. ఎక్కడుందో చెప్పేలోపే ఫోన్ ఆగిపోయింది. కొండంతటికీ ఒకటే టవర్, ఏ మలుపని వెతుకుతారు? ఆమె మాటల వెనక ఏదో మోత వినిపించింది. ఇంకోసారి వింటే పోల్చుకుంటాను."

"రికార్డింగ్?"

"సర్వర్ లైన్ పొద్దున్నుంచీ తెగి ఉంది. ఈ పెట్టెలోనే పడింది."

ఈ పెట్టెల డిస్కుకు అతనే తాళం వేశాడు. పుస్తకం మీద గాజు పలక పరిచి, పలక మీద రాయించడం లాంటి ఏర్పాటు అది. రీస్టార్ట్ కొడితే పలక తుడిచిపెట్టుకుపోతుంది, పుస్తకం మాత్రం చెక్కుచెదరదు. వైరస్ వచ్చినా, ఎవరైనా పాడుచేసినా చిటికెలో బాగైపోయేది అందుకే. ఇప్పుడు ఆ తల్లి గొంతు పలక మీదే ఉంది. పలక దాదాపు నిండిపోయింది, మిషన్ మొరాయిస్తున్నది అందుకే.

"పెన్‌డ్రైవ్‌లోకి లాగెయ్," అన్నాడు సూపర్‌వైజర్.

"ఆ పోర్టులన్నీ మూసేయించింది మీరే, సార్."

"పోనీ తాళం తీసెయ్!"

"తీయాలన్నా రీస్టార్ట్ చేయాల్సిందే. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"అయితే ఇప్పుడే ప్లే చేస్తాను," అంది వదిన.

"వద్దు వదినా! పాట పెట్టే ప్రోగ్రాంకీ జాగా కావాలి. మిషన్ కుప్పకూలుతుంది."

ఒక్క దారి మిగిలింది. తాళం తాళంగానే ఉంచి, ఒక్క ఫైలును మాత్రం గాజు మీంచి కింది పుస్తకంలోకి దించే ఆదేశం ఒకటుంది. అతను పరీక్షించి చూసిందే తప్ప, ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎన్నడూ వాడలేదు. కుర్చీ లాక్కుని టైపు చేశాడు. ఎంటర్ నొక్కాడు.

తెర బిగుసుకుపోయింది. మౌస్ కదల్లేదు. జవాబు రాలేదు.

"దిగిందా?" వదిన తెర మీదికి వంగింది.

"తెలీదు."

ఇక మిగిలింది బటనే. అతనే నొక్కాడు.

తెర నల్లబడింది. కాసేపటికి వెలుతురు వచ్చింది. పొద్దుటి పాస్‌వర్డులు లేవు, తెరిచి ఉంచిన విండోలు లేవు, అప్పుడే పుట్టినంత శుభ్రంగా ఉంది. తనకేమీ జరగనట్టు, ఎవరినీ ఎరగనట్టు.

మధ్యలో ఒకే ఒక్క ఫైలు.

ఏళ్లుగా ఆ గాజు పలక పరిచినవాడే అతను. అన్నీ మరిచిపోయే పెట్టె ఒక్క గొంతును మాత్రం పట్టుకుని కూర్చుంది.

వదిన హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుంది. "సైరన్... ఆగి ఆగి మూడు కూతలు. ఆ వెనకే ఢామ్మని..." ఒక్కసారిగా లేచి నిలబడింది. "రాతి క్వారీ! పేల్చే ముందు అలాగే ఊదుతారు. మా పెద్దన్నయ్య పనిచేసేది అక్కడే!"

"కొండ మీద క్వారీ ఒక్కటేగా?" సూపర్‌వైజర్ అప్పటికే వైర్‌లెస్ అందుకున్నాడు. "క్వారీ కింది లోయ! అందరూ అటు మళ్లండి!"

మిగతా బల్లల దగ్గర ఫోన్లు మోగుతున్నాయి, తీస్తున్నారు, మెల్లగా జవాబులు చెబుతున్నారు. అందరి చెవులూ వైర్‌లెస్ వైపే.

చివరికి అది గరగరలాడింది. మనిషి మాట కంటే ముందు, గుక్కపట్టిన పసిబిడ్డ ఏడుపు గదంతా నిండింది.

"తల్లీ బిడ్డా ఇద్దరూ ప్రాణాలతో ఉన్నారు!" అన్నారు అవతల.

వదిన బల్ల మీద తలవాల్చి ఏడ్చేసింది. టెక్నీషియన్ ఆ పెట్టె మీద అరచేయి ఆనించాడు. వెచ్చగా ఉంది. చేయి తీయబుద్ధి కాలేదు.