కాఫీ పొడిలో పొట్లం

ఈ ఊళ్ళో కాఫీ అని అమ్మేది కాఫీ కాదు. చింతపిక్కలు మాడ్చి ఉడకబెట్టినా అంతకంటే మంచి వాసన వస్తుంది. వచ్చిన కొత్తలో కంటబడిన ప్రతి పొడీ కొన్నాను. ఒకటి పులుపు, ఒకటి మసి. ఇంకొకటి పేరుకి చికోరీ కలిపిందే గానీ, ఫిల్టరులో వేస్తే పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి దిగేవి. మన దేశపు సరుకులు దొరికే కొట్టు ఒకటుంది, రెండు బస్సులు మారి వెళ్ళాలి. అక్కడి ధనియాలు ముక్కుకి ఆనించుకున్నా వాసన రావు. కొట్టాయన మాత్రం ప్రతిసారీ "నిన్ననే దిగిన సరుకమ్మా" అంటాడు. ఏ సంవత్సరపు నిన్నో ఆయనకే తెలియాలి.

నేను ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. కిటికీలు లేని నేలమాళిగ, పొద్దస్తమానం ఆవిరి. అందులోంచి ఇంటికొచ్చాక ఒక్క గ్లాసు మంచి కాఫీ తాగాలనుకోవడం గొంతెమ్మ కోరికేమీ కాదు. అందుకే మా తమ్ముడు చంటోడికి ఈ ఊళ్ళోనే ఏసీ మెకానిక్కు పని కుదిరిందనగానే అమ్మకి ఫోన్ చేశాను.

"కాఫీ పొడి, ధనియాలు, మిరియాలు పంపమ్మా. గసగసాలు మాత్రం పెట్టకు. ఇక్కడ వాటిని మత్తుమందు కింద లెక్కేస్తారు. దొరికితే జైలే."

"గసగసాలకి జైలేంటే, విడ్డూరం కాకపోతే!" అని అమ్మ నవ్వింది. సరే, పెట్టనులే అంది.

వాడి విమానం బయల్దేరాక తనే ఫోన్ చేసింది. గొంతులో ఆపుకోలేని సంబరం. "నీకో సంగతి చెప్పనా? కాఫీ పొడి డబ్బాలో, సరిగ్గా పొడి మధ్యలో ఓ చిన్న పొట్లం పెట్టాను. గసగసాలే! చంటోడికి కూడా తెలీదు. ఆ కాఫీ వాసనకి ఎవడు కనిపెడతాడు? కుర్మా చిక్కబడట్లేదని ఎన్నాళ్ళు ఏడుస్తావు పాపం."

ఫోన్ పెట్టేశాను. వాడికి చెబుదామంటే వాడు గాల్లో ఉన్నాడు.

విమానాశ్రయంలో కడ్డీల ఇవతల నిలబడ్డాను. ఆ విమానంలో వచ్చినవాళ్ళంతా పెట్టెలు తోసుకుంటూ వెళ్ళిపోయారు. నేల తుడిచే ఆయన నన్ను కదలమనలేక నా చుట్టూ తుడుచుకుని వెళ్ళాడు. చంటోడు రాలేదు.

పొట్లంతో వాణ్ణి పట్టుకున్నారని తెలిశాక, మా ఆయన వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని ఒక లాయరమ్మని కుదిర్చాడు. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేసింది. గసగసాలు తేవడం ఒక ఎత్తు, కాఫీ పొడిలో దాచి తేవడం ఇంకో ఎత్తు. తెలియక తెచ్చినవాడు దాచడట. అసలు దొంగ సరుకు తెచ్చేవాళ్ళు కూడా కాఫీ పొడిలోనే దాస్తారట, కుక్కలు పసిగట్టకుండా. ఏ పాపం ఎరగని మా అమ్మకీ వాళ్ళకీ ఒకటే ఆలోచన తట్టింది.

"మా అమ్మే పెట్టిందండీ. నాతో తనే చెప్పింది" అన్నాను.

"అక్క కాబట్టి అలాగే చెప్తుందంటారు. ఆ మాట మీ అమ్మగారి నోటినుంచే రావాలి. అధికారి నేరుగా ఆవిడకి ఫోన్ చేస్తాడు. 'నేనే పెట్టాను, మావాడికి తెలీదు' అంటే చాలు, బయటపడినట్టే. ఈలోగా మీరు మాత్రం ఆవిడతో మాట్లాడకండి. మీ ఫోన్లు చూస్తారు. నేర్పించారని తేలితే ఆ మాట చెల్లదు."

అమ్మకి అప్పటిదాకా నేనేమీ చెప్పలేదు. ఆవిడ అసలే బీపీ మనిషి. తమ్ముడు కంపెనీ ట్రైనింగులో ఉన్నాడనీ, అక్కడ ఫోన్లు ఉంచుకోనివ్వరనీ బొంకాను. ఇప్పుడు చెబుదామన్నా వీల్లేదు. అయినా నాకు ధైర్యంగానే ఉంది. ఆవిడ చెప్పాల్సింది నిజమే కదా, నిజానికి నేర్పడమెందుకు అనుకున్నాను.

చంటోణ్ణి చూడనిచ్చారు, అద్దానికి అవతల. పెదవి పగిలి ఉంది. అడిగితే జారిపడ్డానన్నాడు.

"అమ్మకి తెలిసిందా అక్కా?"

"ఇంకా లేదు."

"చెప్పకు. నేనే పెట్టానని ఒప్పేసుకుంటాను. తొందరగా వదిలేస్తారని లోపల ఒకాయన అంటున్నాడు."

"నోర్మూసుకో. అమ్మ చెప్తుంది, నువ్వు ఇంటికొస్తావు" అని కసిరాను. వాడు చిన్నప్పటిలాగే తలూపాడు. నాకు దుఃఖం ఆగలేదు.

అమ్మకి ఫోన్ చేసిన రోజు, గొంతు ఆవిడదేనని చెప్పడానికి నన్నూ ఆ గదిలో కూర్చోబెట్టారు. నోరు విప్పితే ఫోన్ పెట్టేస్తామన్నారు. బల్ల మీద ఫోను, ఎదురుగా అధికారి, పక్కన తెలుగు తెలిసిన దుబాసీ, నా పక్కన లాయరమ్మ.

"అమ్మా, పోలీసు ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం" అన్నాడు దుబాసీ.

ఆ 'పోలీసు' మాట వింటూనే నాకు భయం పట్టుకుంది. మా అమ్మ సంగతి నాకు తెలుసు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడు పక్కింటివాళ్ళ పేరడిగినా "మాకేం తెలీదు బాబూ" అనే మనిషి.

"మావాడికేమైంది బాబూ?"

"ముందు అడిగినదానికి చెప్పండమ్మా. కాఫీ పొడి డబ్బా ఎవరు సర్దారు?"

"నేనే."

నాకు ప్రాణం లేచొచ్చింది.

"అందులో ఇంకేమైనా పెట్టారా? గసగసాలు గానీ?"

"గసగసాలా! నేనెందుకు పెడతాను? అవి అక్కడికి తేకూడదని మా అమ్మాయి ముందే చెప్పింది. ఒట్టి కాఫీ పొడే బాబూ. నా బిడ్డ మీద ఒట్టు. మావాడు బంగారం, వాడి దగ్గర అలాంటివేమీ ఉండవు."

కుర్చీలోంచి లేచిపోయాను. లాయరమ్మ నా చెయ్యి పట్టి కిందికి లాగింది. దుబాసీ నా ముఖం చూశాడో ఏమో, ఇంకోసారి నెమ్మదిగా అడిగాడు. "భయపడకండమ్మా. బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

"ఎన్నిసార్లడిగినా ఇదే మాట. నేనేమీ పెట్టలేదు."

అధికారి ఫోన్ కట్టేసి ఇక వెళ్ళొచ్చన్నాడు.

"మళ్ళీ చేయించండి. నిజం చెప్పమంటాను" అని వరండాలో లాయరమ్మ చేతులు పట్టుకున్నాను.

"ఇప్పుడు మాట మారిస్తే మీరు నేర్పారంటారు" అంది ఆవిడ. "డబ్బా సర్దింది తల్లి, సర్దినప్పుడు అందులో గసగసాలు లేవు. ఇక ఆ తర్వాత పెట్టింది అబ్బాయి కాక ఇంకెవరు?"

నాకు అమ్మ మీద కోపం రావాలి. రాలేదు. కొడుకుని పోలీసులు పట్టుకున్నారంటే ఏ తల్లయినా ముందు లేదనే అంటుంది. ఆ సంగతి నాకు తట్టకపోవడమే నన్ను తినేస్తోంది.

అంతలో నా ఫోన్ మోగింది. అమ్మే. ఆయాసపడుతోంది.

"పోలీసులు ఫోన్ చేశారే! ఇంత జరిగితే నాతో ఒక్క ముక్క చెప్పవా? నేనేం తడబడలేదులే. తిప్పి తిప్పి అడిగారు. పెట్టలేదంటే పెట్టలేదన్నాను. కన్నతల్లి ఒట్టేసి చెప్పాక ఇంకేం అంటారు? వాణ్ణి వదిలేస్తారు కదూ?"

"వదిలేస్తారమ్మా" అన్నాను.

"హమ్మయ్య" అంది అమ్మ.