వంకాయకు దక్కిన నింద

నేను ఒక గిల్టు బుట్టకమ్మను, కుడిచెవిది. ఎడమచెవిది నా కవల. దానికి నాలాంటి కుళ్లుబుద్ధి లేదు, అందుకే కథ నేను చెబుతున్నాను. బందరులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. ఒళ్లు ఇత్తడి, దాని మీద నికెల్ పూత, ఆ పైన బంగారం పూత. ఆ పై పూత ఎంత పల్చనో తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది.

నన్ను మొదట కొన్నది గుడివాడలో విశాలాక్షి. రెండేళ్లు పెట్టుకుంది. నేనున్నానో లేనో కూడా ఆమె చెవికి పట్టలేదు. మోజు తీరాక తోడికోడలు రాజరత్నానికి ఇచ్చేసింది. రాజరత్నం జాకెట్లు కుడుతుంది. మిషను మీద వంగినప్పుడల్లా నేను ఊగేదాన్ని, ఆమె ఒక చేత్తో నన్ను సవరించుకునేది. నాకు ఇంతకన్నా ఏం కావాలి?

కానీ బీరువాలో వాళ్లమ్మ ఇచ్చిన బంగారు బుట్టలున్నాయి. ఏడాదికి రెండు పెళ్లిళ్లకు బయటికొస్తాయి. ఆ రోజు నన్ను విప్పి కిటికీ గట్టు మీద పడేస్తుంది. రోజూ చెమటలో, తలనూనెలో, దారం పోగుల్లో చాకిరీ నాది, ఫొటోలు వాటివి. చూస్తుంటే ఒళ్లు మండిపోయేది.

మూడో వేసవికి నా పై పూత అరిగింది. చెమటకు నాలోని నికెల్ కొంచెం కొంచెంగా కరిగి ఆమె చర్మంలోకి దిగింది. అంత చిన్న రేణువును ఒళ్లు మామూలుగా లెక్కచెయ్యదు. కానీ అది ఆమె సొంత మాంసకృత్తులను అంటుకుని వాటి రూపు మార్చేసింది. చర్మంలో కాపలా కణాలుంటాయి. అవి ఆ రూపు మారిన ముక్కను పట్టుకుని మెడ దగ్గరి గ్రంథికి మోసుకుపోయి, అక్కడి తెల్లరక్తకణాలకు చూపించాయి, ఇది మనది కాదని. వాటిలో కొన్ని నన్ను గుర్తుపెట్టుకున్నాయి. అందుకు కొన్ని వారాలు పట్టింది. ఆ తర్వాత మాత్రం నేను తగిలితే చాలు, ఒకటి రెండు రోజుల్లో చెవితమ్మె ఎర్రబడి, వాచి, రసి కారేది. నేను విషాన్ని కాదు, రోగం తెచ్చే సూక్ష్మజీవిని అంతకన్నా కాదు. శత్రువని పొరబడింది ఆమె ఒళ్లే.

మనుషుల తెలివి చూడండి. చెవి దురదపెడితే, చెవికి వేలాడుతున్నదాన్ని వదిలేసి కూరగాయల సంచి వెతికారు.

“వంకాయ మానెయ్యవే రత్నం, దురదంతా దానిదే,” అంది విశాలాక్షి.

“గుత్తొంకాయ లేకపోతే నాకు ముద్ద దిగదక్కా.”

“దిగకపోతే మజ్జిగ పోసుకో.”

ఆర్నెల్లు వంకాయ మొహం చూడలేదు రాజరత్నం. దాంతో నాకు వంకాయ మీద కూడా అసూయ పుట్టింది. ఆమెకు నిద్ర లేకుండా చేస్తున్నది నేనైతే, పేరు దానికా?

ఈలోగా ఆమె వేళ్లు కూడా పగిలాయి. అంట్లసబ్బు మార్చింది, తగ్గలేదు. చివరికి బెజవాడలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ ఆమె వీపు మీద రకరకాల పదార్థాల బిళ్లలు అంటించి, రెండు రోజులు తడి తగలనివ్వొద్దంది. తీసి చూస్తే నికెల్ ఉన్న చోటు ఒక్కటే ఎర్రగా పొంగి ఉంది.

“ఇది పుట్టుకతో వచ్చింది కాదమ్మా. మీ ఒళ్లు ఈ కమ్మల్లోని నికెల్‌ను శత్రువనుకుంది. ఇక మరిచిపోదు.”

“ఎన్నాళ్లండీ?”

“చాలామందికి జీవితాంతం ఉంటుంది.”

డాక్టరమ్మ విప్పించాక చేతిసంచిలో చేరిన నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇన్నేళ్లలో ఆ బంగారాన్ని ఆమె ఒళ్లు ఒక్కసారైనా పట్టించుకుందా? నన్ను మాత్రం చచ్చేదాకా గుర్తుపెట్టుకుంటుంది!

అప్పుడు రాజరత్నం తన వేళ్లు చాచింది. “మరి ఇవండీ? నేను జాకెట్లు కుడతానండీ.”

“హుక్కుల్లో, పిన్నుల్లో చాలావాటికి నికెల్ పూతే ఉంటుందమ్మా. ముట్టుకోకుండా ఉండాలి.”

“జాకెట్టుకి ఆరు హుక్కులండీ. అవి ముట్టుకోకపోతే నాకు పనెక్కడిది?”

నా సంబరం అక్కడే చచ్చిపోయింది. నేను కోరుకున్నది ఆమె చెవిని. ఆమె చేతులు నాకేం అపకారం చేశాయి?

రాజరత్నం మొండి మనిషి. కత్తెర పిడికి గుడ్డ చుట్టింది. హుక్కులు మానేసి, వెనక తాళ్లు కట్టుకునే జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. ముందువైపు హుక్కులే కావాలన్న పెద్దవాళ్లు వేరే చోటికి పోయారు, కుర్రపిల్లలు వచ్చారు. వేళ్లు మెల్లగా మానాయి. చెవులకు ఇప్పుడు రోజూ బంగారమే. నేను పాత బొత్తాల డబ్బాలో ఉన్నాను.

మొన్న విశాలాక్షి కూతురు దమయంతి వచ్చింది. చెవికి రెండో కుట్టు కొత్తగా వేయించుకుంది. డబ్బా కెలికి నన్ను పైకి తీసింది.

“పిన్నీ, ఇవి నాకిస్తావా?”

లేత చెవి! నా ప్రాణం లేచొచ్చింది.

“వద్దే. కుట్టు పుండింకా ఆరలేదు. మీ అమ్మకేం కాలేదని నీకూ కాదనేముంది?”

నన్ను తీసుకోవడానికి రాజరత్నం చెయ్యి చాచి, మధ్యలో ఆగింది. కింద పడి ఉన్న కత్తిరింపుల్లోంచి ఒక పట్టుగుడ్డ ముక్క ఏరుకుంది. దాంతో నన్ను పట్టుకుని, వేలి కొన కూడా తగలకుండా డబ్బా అడుగున పెట్టి మూత బిగించింది. ఇంత జాగ్రత్త ఆ బంగారానికి ఎన్నడూ దక్కలేదు. అయినా ఆ వేళ్లు ఒక్కసారి నన్ను సవరిస్తే చాలు, ఈ పట్టుగుడ్డ మర్యాద దానికే ఇచ్చేస్తాను.