మా బంధువులొకరికి

యాంగోన్‌లోని అహ్లోన్ పేట తెలుగు సంఘం వారు మనసు జబ్బుల మీద సభ పెట్టారు. అధ్యక్షుడు వాసుదేవరావు మైకు పుచ్చుకుని, "మనోళ్ళల్లో ఇలాటి జబ్బులోళ్ళు ఒక్కరూ లేరు. అందికే ఇంత దైర్యంగా మీటింగెట్టేం" అని ప్రారంభించాడు. జనం చప్పట్లు కొట్టారు. పక్కనే కూర్చున్న బర్మా డాక్టరు నీలార్ కూడా కొట్టింది. పాపం, ఆవిడకు తెలుగు రాదు.

సంఘానికి ఒక నియమం ఉంది. హాల్లో అడుగుపెట్టాక అంతా తెలుగులోనే జరగాలి. ఇంట్లోనూ బజార్లోనూ బర్మీసులో పోట్లాడుకునే వాళ్ళంతా ఇక్కడికొచ్చేసరికి మాతృభాషకు ప్రాణమిస్తారు. అంచేత డాక్టరమ్మను అడగదలచినవి చీటీల మీద తెలుగులోనే రాయాలనీ, పేరు అక్కర్లేదనీ, అంతా పరమ రహస్యమనీ వాసుదేవరావు ప్రకటించాడు. ఆ హాలు మొత్తానికి తెలుగు రాయడం వచ్చినవాడు యర్రయ్య ఒక్కడేనన్న సంగతి ఆయనకు తట్టలేదు.

యర్రయ్య చౌక్తడాలో ఒక షిప్పింగ్ ఆఫీసు గుమాస్తా. చిన్నప్పుడు తండ్రి చెవి మెలిపెట్టి నేర్పిన అక్షరాలతో గుడి నోటీసులూ శుభలేఖలూ రాసిపెడుతుంటాడు. ఇప్పుడు అతని బల్ల ముందు క్యూ కట్టారు. ఒక్కొక్కరే వంగి అతని చెవిలో రహస్యం ఊదుతున్నారు. వెనకవాళ్ళు మెడలు సాచి మరీ వింటున్నారు.

"మా బందువులొకరికి నిద్దరట్టదు. రాయి."

"మా బందువులొకరు తలుపు గెడేసేరో లేదోనని ఇరవైసార్లు లేచి సూత్తారు."

ఇడ్లీలమ్మే అచ్చమ్మ మామ్మ వచ్చింది. "మా బందువులొకరు పిండి రుబ్బతా రుబ్బతా ఏడుపెట్టేసుకుంతారు. ఎందుకో తెల్దు" అంది. యాంగోన్‌లో ఆవిడకు బంధువన్న వాడు ఒక్కడూ మిగల్లేదని యర్రయ్యకు తెలుసు. తెలిసినా రాశాడు.

ముప్ఫై చీటీలయ్యాయి. సంఘంలో అందరూ నిక్షేపంగా ఉన్నారు, ఎటొచ్చీ వాళ్ళ బంధువులే ఒక్కరూ సరిగ్గా లేరు. యర్రయ్య చుట్టూ చూసి, ముప్ఫై ఒకటో చీటీ తీసి, ఎవరూ చెప్పకుండానే నాలుగు ముక్కలు రాసి చీటీల డబ్బాలో పడేశాడు. అన్నీ తన చేతిరాతే, ఎవడు కనిపెడతాడులే అనుకున్నాడు.

డాక్టరమ్మకు తెలుగు రాదు కాబట్టి చీటీలు చదివి బర్మీసులో చెప్పే పనీ అతనిదే. ఆవిడ జవాబులు అందరికీ శుభ్రంగా అర్థమవుతూనే ఉన్నాయి. అయినా నియమం నియమమే. ఆవిడ చెప్పినదానికి జనం ముందే తలలూపేసి, యర్రయ్య తెలుగులో చెప్పినప్పుడు మర్యాద కోసం మళ్ళీ ఊపుతున్నారు.

డబ్బాలో కలగలిసిన వాటిలోంచి పదిహేడో చీటీ తీసి విప్పాడు. తనదే. దాటేద్దామనుకున్నాడు గాని నోరు అప్పటికే మొదలుపెట్టేసింది.

"నాకు నాలుగు నెలలుగా తెల్లారుతోందంటే భయం. తిండి రుచి తెలీదు. నేను లేకపోతేనే ఇంట్లోవాళ్ళకు హాయేమో అనిపిస్తోంది. ఇది జబ్బా, నా తప్పా?"

బర్మీసులోకీ తిప్పాడు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "జబ్బే. తప్పు కాదు. మందుంది, తగ్గుతుంది. కాని ఈ మనిషిని నేను ఇవాళే చూడాలి. ఎవరు?" అంది.

హాలంతటికీ అర్థమైపోయింది. వాసుదేవరావు మాత్రం, "తెలుగులో సెప్పవయ్యా!" అన్నాడు.

"ఈ చీటీ ఎవరిదని అడగతన్నారండి" అన్నాడు యర్రయ్య. "నాదండి."

"అన్నీ నీ రాతేగదేటి! ఎవరు రాయించేరని అడగతన్నారు" అన్నాడు వాసుదేవరావు.

"ఎవులూ రాయించలేదండి. నాకేనండి జబ్బు."

మన వాళ్ళలో ఒక్కరూ లేరని పొద్దున్నే ప్రకటించిన వాసుదేవరావుకు చటాలున టీ గుర్తొచ్చింది. జనం బతుకుజీవుడా అని లేచారు. డాక్టరమ్మ మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని యర్రయ్యతో అరగంట మాట్లాడింది. మంగళవారం చౌక్తడా క్లినిక్కుకు తప్పకుండా రమ్మని చెప్పి, అంతదాకా ఒంటరిగా ఉండనని మాట తీసుకుని, ఆ సాయంత్రమే అతని భార్యకు ఫోన్ చేసింది.

మంగళవారం భార్య బస్టాపుదాకా వచ్చి దింపి, తను పనిచేసే ఫ్యాక్టరీ వాళ్ళ వ్యానెక్కి లైంగ్‌థార్యార్ వెళ్ళింది. యర్రయ్య ఒక బస్సు వదిలేశాడు. రెండోదీ వదిలేశాడు. ఊరందరి ముందూ నోరు జారినందుకు సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఈ వైద్యం వద్దు, ఏమీ వద్దు, ఇంటికి పోదామని వెనక్కి తిరిగాడు.

ఎదురుగా అచ్చమ్మ. ఇస్త్రీ చీర, చేతిలో గొడుగు.

"డాట్రమ్మ కాడికే గదా, నన్నూ తీసుకుపో నాయినా."

"మీ బందువుని తేలేదేటి మామ్మా?"

అచ్చమ్మ గొడుగు ముడిచి, బస్సు వస్తుందేమోనని అటు చూసింది. "దానికి ఒంట్లో బాగోలేదు. దాని బదులు నేనొచ్చేను" అంది.

యర్రయ్యకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మూడో బస్సు ఆగింది. మామ్మను ముందు ఎక్కించి, వెనకే తనూ ఎక్కాడు.